బిళ్ల మీది అన్నదమ్ములు

నా చిన్నప్పుడు వేరుశనగ పీకేసిన చేలల్లో పరిగె ఏరడం పిల్లల హక్కు. చెట్టు పీకేటప్పుడు తెగి మట్టిలో ఉండిపోయిన కాయలను కలుపు తీసే చిన్న తొలికతో తవ్వుకుని ఒడిలో వేసుకునేవాళ్లం. ఎవరు ఏరిన కాయలు వాళ్లవే. పెద్దవాళ్లు వాటి జోలికి వచ్చేవారు కాదు. మా ఊరు పరిగి దగ్గర. చేలో నిలబడితే ఉత్తరాన పెనుకొండ కొండ కనబడేది. అది ఏ సంవత్సరమో ఇప్పుడు ఖచ్చితంగా చెప్పలేను. హైస్కూలుకు వచ్చాకే నేను డైరీ రాయడం మొదలుపెట్టాను కనుక ఈ సంగతి ఏ పేజీలోనూ లేదు. అయితే తేదీ వేసి రాసుకున్న చాలా రోజులు నా మనసులోంచి చెరిగిపోయాయి గాని, ఆ నాలుగు రోజులు పోలేదు.

మా తాత పోయాక మా నాయన, మా పెదనాయన చేను పంచుకున్నారు. పెద్దవాడు భాగాలు వేయాలి, చిన్నవాడు తనకు కావలసింది ముందుగా కోరుకోవాలి, అదీ మా ఇళ్లలో ఆచారం. అలా అయితే భాగాలు వేసేవాడు తప్పు తూకం వేయడని పెద్దల నమ్మకం. పెదనాయన భాగాలు వేశాడు. మా నాయన బావి వైపు కోరుకున్నాడు. ఆ రోజు పెదనాయన ఒక్క మాట అనలేదట. అనకుండా మింగిన ఆ మాట ఆయన కడుపులో ఏళ్ల తరబడి పులిసింది. రెండు భాగాల నడుమ ఒక గట్టు ఉండేది. దాని మీద మొలిచే గడ్డి ఒక ఏడు వాళ్లకు, ఒక ఏడు మాకు. నేను చెప్పబోయే ఏడు గడ్డి వంతు పెదనాయనది.

ఆ గట్టు మొదట్లో తవ్వుతుంటే నా తొలికకు ఏదో తగిలి సన్నగా మోగింది. మట్టి తుడిచి చూస్తే పసుపు పచ్చని బిళ్ల. రూపాయి కన్నా కొంచెం చిన్నది, అప్పడంలా పల్చన. పై అంచున ఒక రంధ్రం ఉంది. ఎప్పుడో ఎవరో దాన్ని దారానికి గుచ్చి మెడలో వేసుకుని ఉండాలి. నేను దాన్ని పావడాకు రుద్దుతుండగానే పెదనాయన పెద్ద కొడుకు చూశాడు. నాకన్నా రెండు మూడేళ్లు పెద్ద, నేను అన్నా అని పిలిచేదాన్ని. వచ్చి నా చెయ్యి వెనక్కి మెలితిప్పాడు. నేను వదల్లేదు. రెండో చేతిలోని తొలికతో వాడి ముంగాలి మీద కొట్టాను. ఎముక మీద కొట్టిన చప్పుడు నాకే భయం వేసేలా వినిపించింది. వాడు కూలబడ్డాడు, రక్తం మట్టిలోకి కారింది, మా పెద్దమ్మ పరుగున వచ్చి నా జడ పట్టుకుని నేల మీద ఈడ్చింది. అంతలో మా అమ్మ, ఆ వెంటనే అన్నదమ్ములిద్దరూ వచ్చారు.

"ఈ ఏడు గట్టు నాది. గట్టులో ఏం దొరికినా నాదే" అన్నాడు పెదనాయన.

"గడ్డి నీదిలే అన్నా, ఎవురు కాదన్నారు? కోసుకో పో" అన్నాడు మా నాయన. "ఇది గడ్డా? ఎనుముకు ఎయ్యి, తింటాదేమో సూద్దాం."

కాయలు ఒలుస్తున్న కూలివాళ్లు నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. పెదనాయన చేతికర్ర లేచింది. మా నాయన నుదురు చిట్లి ఒక కన్ను రక్తంతో మూసుకుపోయింది. ఆ ఒంటి కన్నుతోనే ఆయన అన్న మీద పడి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ వేరుశనగ కుప్ప మీద దొర్లారు. నలుగురు మనుషులు కలిస్తే గాని విడదీయలేకపోయారు. విడదీశాక కూడా కాళ్లతో తన్నుకున్నారు.

ఊరి పెద్దలు వచ్చి, సంత రోజు పంచాయతీలో తేలుద్దామని, అందాకా బిళ్ల మా అవ్వ దగ్గర ఉండాలని చెప్పి పోయారు. మా రెండిళ్లకు గోడ ఒకటి, వాకిలి ఒకటి. అవ్వ ఒక నెల మా ఇంట్లో, ఒక నెల పెదనాయన ఇంట్లో తినేది. ఎవరింట్లో తిన్నా కూర్చునేది మాత్రం వాకిలి నడిమధ్యన ఉన్న రాతి మీదనే. బిళ్లను కొంగున ముడి వేసుకుని అక్కడ కూర్చుంది. ఊళ్లో కంసాలి ఆచారి వచ్చి గీటురాయి మీద గీసి, మనం వాడే బంగారం కన్నా మేలైనదని చెప్పాడు. ఆ తర్వాత చూడ్డానికి వచ్చేవాళ్లతో వాకిలి తిరునాళ్ల అయింది.

ఆ బిళ్ల మీద ఏముందో మీకు చెప్పాలి. ఒక వైపు కిరీటాలు పెట్టుకున్న మనుషులిద్దరు నడుముల దాకా కనబడతారు, పక్కపక్కన నిలబడి ఎదురుగా మనల్నే చూస్తారు. ఇద్దరి నడుమ నిలువుగా ఒక కర్ర, దాని పై కొసన ఒక అడ్డకర్ర. ఇద్దరూ ఆ ఒకే కర్రను పట్టుకున్నారు. ఒకడి చెయ్యి పైన, ఇంకొకడిది కింద. పై చెయ్యి ఉన్నవాడి ఒంటి మీద చదరాలు, చదరానికొక చుక్క. రెండోవాడిది సాదా వస్త్రం. రెండో వైపు గడ్డం మనిషి, తల చుట్టూ ప్రభ, చేతిలో అట్టల పుస్తకం. అంచు చుట్టూ మాకు తెలియని అక్షరాలు.

మా పెదనాయన చదువుకున్నవాడు కాడు గాని, బిళ్లను మొదట చదివింది ఆయనే. ఆ కర్ర భూమి కొలిచే గడ అన్నాడు. వాళ్లు పంచుకుంటున్న అన్నదమ్ములన్నాడు. పెద్దవాడి ఒంటి మీదివి చదరాలు కావు, మళ్లు. చుక్కలు మళ్లలో నాటిన విత్తనం. చిన్నవాడి ఒళ్లు బోడిగా ఎందుకుందంటే, వాడికి మెట్ట తప్ప మాగాణి లేదు గనుక. పెనుకొండలో రాజులున్న కాలంలో మా వంశంలో పంపకం జరిగితే దానికి గుర్తుగా కొట్టించి గట్టులో పాతిపెట్టారు, కాబట్టి బావి పొలం పెద్దవాడిది. ఇదీ ఆయన వాదం. మరి వెనక వైపు ఉన్నదెవరని ఎవరో అడిగితే, "కనపడల్యా? పుస్తకం పట్టుకోనుండ్లా? కరణం. పంపకానికి సాక్షి" అన్నాడు.

"కరణానికి తల సుట్టూ ఆ వెలుగేంది?" అని అడిగింది అవ్వ. "మన కరణానికి తలపాగా గూడా సక్రంగా నిలబడదే."

జనం నవ్వారు గాని, పెదనాయన మాటలో బలం ఉందని చాలామందికి అనిపించింది. మళ్లు చూసినవాడికి ఇక మళ్లు తప్ప మరొకటి కనబడలేదు. విచిత్రమేమంటే మా నాయన కూడా అవి మళ్లేనని ఒప్పుకున్నాడు. ఆయన గొడవ అంతా, పై చెయ్యి ఉన్నవాడే పెద్దవాడని ఎవరు చెప్పారన్నది ఒక్కటే. "ఇద్దరికీ గడ్డం ఉండాది. ఎవుడు ముందు పుట్టినాడో మొగం మింద రాసినారా?" అని అరిచేవాడు. ఎవరూ ఎన్నడూ చూడని రాజులు మా వాకిట్లో అన్నదమ్ములై, మా బావి కోసం కొట్లాడడం మొదలుపెట్టారు.

మర్నాడు తెల్లవారేసరికి మా గడ్డివామి బూడిదైంది. ఆ పొగ చూస్తూ మా అమ్మ గుండెలు బాదుకుంది. ఆ మధ్యాహ్నం పెదనాయన వాళ్ల కుక్క తల పగిలి వాకిట్లో పడి ఉంది. ఆ కుక్కకు నేనూ అన్నం పెట్టేదాన్ని. ఎవరు చంపారని నేను అడగలేదు. మా నాయన కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు ఏ రంగులో పారాయో చూశాను. మా అమ్మ ఒక చాటలో కారప్పొడి పోసి తలుపు వెనక పెట్టింది. పెద్దమ్మ తమ్ముడు చిలమత్తూరు నుంచి ఇద్దరు మనుషులతో దిగాడు. వాళ్లు వాకిట్లో కూర్చుని గొడ్డళ్లకు సానబట్టారు. ఆ గీరుడు చప్పుడు మా వంటింట్లోకి వినబడేది. ఆ చప్పుడు మధ్యనే మా అమ్మ సంగటి కెలికేది, దాని మధ్యనే మేం తినేవాళ్లం. రెండిళ్ల పిల్లలం గోడ మీదుగా రాళ్లు వేసుకున్నాం. ఒక రాయి నా చెవి పక్కన తగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

అవ్వ మాత్రం తన రాతి మీద నుంచి కదల్లేదు. వక్క కత్తిరించుకుంటూ, ఆకుకు సున్నం రాసుకుంటూ, ఇటు వచ్చినవాళ్లను ఇటు, అటు వచ్చినవాళ్లను అటు తిట్టేది. తిండి రెండిళ్లలోనూ మానేసింది.

పంచాయతీ రోజు పొద్దున పెదనాయన కొత్తగా కొట్టి తెచ్చిన వెదురు గడ పట్టుకుని బయటికి వచ్చాడు. కొలుస్తాడట. ఆయన వెనక చిలమత్తూరు మనుషులు. మా గుమ్మంలోంచి మా నాయన దిగాడు. నుదుటి మీద గాయం ఇంకా పచ్చిగా ఉంది, చేతిలో కంప కొట్టే పెద్ద కొడవలి ఉంది. నేను ఆయన పంచె పట్టుకున్నాను. ఆయన విదిలిస్తే వెళ్లి గోడకు కొట్టుకున్నాను. ఆయన నన్ను అలా విదిలించడం నా జన్మలో అదొక్కసారే.

"అమ్మా, బిళ్ల ఇయ్యి. పంచాయతీలో పెట్టల్ల" అన్నాడు పెదనాయన.

"ఇచ్చినావంటే నువ్వు నా తల్లివే గాదు" అన్నాడు మా నాయన.

అవ్వ ఇద్దరినీ చూసింది. కొంగు ముడి విప్పింది. బిళ్లను నోట్లో వేసుకుని, చెంబెత్తి గటగటా నీళ్లు తాగింది. ముడతలు పడిన ఆమె గొంతు పైకీ కిందికీ కదలడం అందరం చూశాం.

"మింగినా" అంది. "యాడుండాదో తెలిసె గదా. మీరిద్దరూ బయటికొచ్చిన కడుపే, కొత్తదేం గాదు. కావాల్సినోడు కోసి తీసుకోండి. పెద్దోడా, నువ్వు కొయ్యి. చిన్నోడు కోరుకుంటాడు. మన ఇంట్లో పంపకం అట్లే గదా."

పెద్దమ్మ తమ్ముడు ఒక్కడే నవ్వి, "ముసల్ది ఆటలాడతాంది. ఉప్పు నీళ్లు తాపితే కక్కుతాది" అన్నాడు. ఆ మాటకు మా నాయన ఏమనుకున్నాడో, కొడవలి ఎత్తి అవ్వ వైపు ఒక అడుగు వేశాడు. ఆ మనిషి అవ్వను ముట్టుకోకుండా అడ్డుపడడానికే వెళ్లానని తర్వాత మా అమ్మతో చెప్పాడు. నేను ఆయన ముఖం చూశాను. ఆ అడుగు ఎందుకు వేశాడో ఈ రోజుకీ నాకు తెలియదు, ఆయనకు కూడా తెలుసని నేను అనుకోను.

పెదనాయన చేతిలోని వెదురు గడ కింద పడింది. ఒక్క దూకున వచ్చి, కిందికి దిగుతున్న కొడవలిని పదునైన అలుగు దగ్గర ఒట్టి చేత్తో పట్టుకున్నాడు.

"ఒరే, అమ్మరా!" అన్నాడు.

మా నాయన లాగాడు. చేతిలోని పనిముట్టును ఎవరైనా పట్టుకుంటే లాగడం అలవాటు కదా, అలా లాగాడు. పెదనాయన ఎడమచేతి వేళ్లు రెండు రాలిపడ్డాయి. రాలినా ఆయన పట్టు వదల్లేదు. మిగిలిన వేళ్లతో అలుగును అలాగే బిగించి పట్టుకున్నాడు, మోచేతి దాకా రక్తం కారి ఆయన బొడ్డు మీదికి ధార కట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా, ఒకే కొడవలి పట్టుకుని, ఏం చేయాలో తెలియక నిలబడిపోయారు.

అవ్వ రాతి మీద నుంచి లేచింది. వెళ్లి ఇద్దరి మధ్యన నిలబడింది.

"సూసుకోండి" అంది. గొంతు పెంచలేదు. "బిళ్లలో ఏం సూస్తారు, ఈడ సూసుకోండి. పైన ఎవురి చెయ్యుండాది? అడగండి ఊర్లో వాళ్లను పిలిచి. పై చెయ్యి ఎవురిదో సూసి పొలం ఇయ్యమనండి."

అలా అంటూనే దవడలోంచి బిళ్లను తీసి వాళ్ల కాళ్ల దగ్గర ఉమ్మేసింది. అది మింగనే లేదు. నీళ్లు మాత్రమే మింగింది. వక్కాకు ఎరుపుతో తడిసిన ఆ బంగారు బిళ్ల రక్తపు మడుగులో పడి దొర్లింది. దాని కోసం వామి కాలింది, కుక్క చచ్చింది, అయినా ఒక్కరు కూడా వంగి తీసుకోలేదు. ఒక కోడి మాత్రం రాలిన వేళ్ల వైపు నడిచింది. నేను గోడ దగ్గర నుంచి లేచి దాన్ని తరిమాను. కాలికి కట్టు ఉన్న మా అన్న కుంటుతూ వచ్చి, ఆ వేళ్లను విస్తరాకులో పెట్టుకున్నాడు. మా అమ్మ తన చీర చింపింది, పెద్దమ్మ దాన్ని ఆ చెయ్యి చుట్టూ బిగించి కట్టింది. ఇద్దరూ నాలుగు రోజుల తర్వాత మాట్లాడుకున్న మొదటి మాట, "ఇంకా గట్టిగా" అన్నది.

హిందూపురం ఆసుపత్రికి మా ఎద్దుల బండే కట్టారు. తోలింది మా నాయన. వెనక గడ్డి మీద పెదనాయన, ఆయనకు చెరో పక్కన నేనూ మా అన్నా. వాడి ఒళ్లో ఆకు పొట్లం. దారి పొడవునా పెదనాయన తిడుతూనే ఉన్నాడు.

"ఎద్దుల్ను కొట్టాకురా. దిబ్బ సూసి తోలు. నీకు సిన్నప్పటి నుంచి బండి తోలేది రాదు. నేర్పిచ్చినోన్ని తన్నల్ల."

"నేర్పిచ్చింది నువ్వే కదన్నా" అన్నాడు మా నాయన. ముందుకు చూస్తూనే అన్నాడు, ముఖం మాకు కనబడలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు దెబ్బ ఎలా తగిలిందని అడిగాడు. మా నాయన నోరు తెరిచేలోపే పెదనాయన, "గట్టు మింద గడ్డి కోస్తాంటే జారింది సార్" అన్నాడు. గడ్డి కోస్తే ఎముక తెగుతుందా అని డాక్టరు ఆయనను, మా నాయన పంచె మీది రక్తాన్ని మార్చి మార్చి చూశాడు. "మా గట్టు గడ్డి అట్లాంటిది సార్" అన్నాడు పెదనాయన. డాక్టరు పొట్లం విప్పి చూశాడు. వేళ్లు అతకవన్నాడు. ఆ పొట్లాన్ని మా నాయన వెనక్కి తెచ్చి, నేను బిళ్ల తవ్విన గుంతలోనే పెట్టి మట్టి కప్పాడు.

కొన్నాళ్లకు అవ్వ కొడుకులిద్దరినీ ఆచారి ఇంటికి పిలుచుకుపోయింది, నా చెయ్యి పట్టుకుని నన్నూ తీసుకుపోయింది. కొంగున ముడి వేసి తెచ్చిన బిళ్లను మూసలో వేయించి కరిగించమంది. ముందు అంచు మీది అక్షరాలు పోయాయి. తర్వాత కర్ర వంగినట్టు కనబడి మాయమైంది. తర్వాత ముఖాలు ఒకదానిలోకి ఒకటి జారాయి. కళ్లు చివరిదాకా ఉన్నట్టే నాకు అనిపించింది. ఎవరు పెద్దవాడో ఎవరు చిన్నవాడో చెప్పుకోవడానికి ఏమీ లేకుండా పోయేదాకా అవ్వ కొడుకులిద్దరినీ అక్కడి నుంచి లేవనివ్వలేదు. ఆ ముద్దను తర్వాత ఏం చేసిందో ఎవరికీ చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ రాలేదు.

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగంలో ఉండగా, బెంగళూరులో ఒక ప్రదర్శనశాలకు వెళ్లాను. అద్దం పెట్టెలో అలాంటి బిళ్లే ఉంది. పక్కన రాసిన చీటీ చదివాను, తర్వాత పుస్తకాలు వెతికి చదివాను. అది తూర్పు రోము రాజ్యపు నాణెం, బైజాంటియం అంటారు. మళ్లు అనుకున్నది రాళ్లు పొదిగిన రాజవస్త్రం. గడ అనుకున్నది శిలువ. కరణం అనుకున్నది యేసుక్రీస్తు. ఆ ఇద్దరూ మాత్రం నిజంగానే అన్నదమ్ములు, ఒకే సింహాసనం మీద కలిసి కూర్చున్నవాళ్లు. పై చెయ్యి పెద్దవాడిదే. మా పెదనాయన చెప్పిందాంట్లో ఆ రెండే నిజం. ఆ అన్న ఒక యుద్ధంలో చిక్కిన వేలమంది సైనికుల కళ్లు పీకించాడట. ఇంటికి దారి చూపడానికి గుంపుకొకడికి ఒక కన్ను వదిలిపెట్టాడట. శిలువను అంత శాంతంగా పట్టుకున్న ఆ చెయ్యిని మళ్లీ వెళ్లి చాలాసేపు చూశాను. మా పెదనాయన అప్పటికి లేడు. ఆయన పోయిన రోజు స్నానం చేయించేటప్పుడు ఎడమచేతిని ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా మా నాయనే కడిగాడు. మూడు వేళ్లూ ఒక్కొక్కటిగా కడిగి, లేనిచోట కూడా నీళ్లు పోశాడు.

ఆ వాకిట్లో ఆ రోజు ఇరవై మంది దాకా ఉన్నారు. అందరూ అరిచారు, ఏడ్చారు, వద్దన్నారు. కొడవలి లేచాక మధ్యలోకి కదిలింది ఇద్దరే. అవ్వ మాటతో కదిలింది, పెదనాయన చేత్తో కదిలాడు. కొట్టడానికి వచ్చినవాడే ఆపడానికి దూకాడని నేను కళ్లారా చూశాను. అందుకే ఎవరినీ ఫలానావాడని ముందుగానే రాసిపెట్టుకోవడం మానేశాను. మనుషులు గొంతులు పెంచుకున్న చోట నేను ముఖాలు చూడను, ఎవరిది న్యాయమో వినను. చేతులు చూస్తాను. ఆ చేతులు ఎటు పోతున్నాయో, దగ్గరలో ఏముందో చూస్తాను. ఏదైనా ఒక చెయ్యి ఏదైనా ఒక వస్తువు వైపు కదిలితే లేచి మధ్యలోకి వెళ్తాను. ఇంట్లో వాళ్లు, ఈ వయసులో నీకెందుకు, పడిపోతావు, కూర్చో అంటారు. మోకాళ్లు నిజంగానే సహకరించడం లేదు. గోడ పట్టుకుని లేస్తాను.